దండ నిద్రపోయాక

బంగారమ్మ ఇసకలో పరిచిన నెత్తళ్ళ చేపలను తిరగేస్తోంది. కుడిచేత్తో గుప్పెడు తీసి, దులిపి, రెండోవైపు ఎండ తగిలేలా మళ్ళీ జల్లుతోంది. కాకి దిగితే ఎడంచేతిలోని సరుగుడు మండ ఊపుతోంది. బోర్లించిన తెప్ప నీడలో కూర్చుని నేను ఆమె భుజాలనే చూస్తున్నాను. అదే నా ఉద్యోగం.

పని మొదలుపెట్టినప్పుడు ఆమె ముఖం సూర్యుడికి ఎదురుగా ఉంది. ఇప్పుడు మెల్లమెల్లగా ఎడమకు జరిగి లైట్‌హౌసు వైపుకు వచ్చింది. తిరగమని ఎవరూ చెప్పలేదు. తిరుగుతున్నట్టు ఆమెకూ తెలియదు. పొద్దుతిరుగుడు పువ్వు గురించి బడిలో చదువుకున్నాను గానీ, మనిషి అలా తిరగడం గవ్వలపేట వచ్చాకే చూశాను.

"ఎల్లాజీ అన్న లైట్‌హౌసు దాటాడా అప్పా?" అని అడిగాను. ఇక్కడ అక్కను అప్ప అంటారు.

బంగారమ్మ చెయ్యి ఆపకుండానే గడ్డం కొంచెం పైకెత్తింది. "దాటేస్తన్నాడు. గొంతు కాడ ఎచ్చగుంది. ఎదురుగున్నట్టే."

చేతిలోని తెర చూశాను. ఎల్లాజీ తెప్ప చుక్క సరిగ్గా లైట్‌హౌసు ఎదురుగా ఉంది.

ఆమె మెడచుట్టూ చర్మం కింద నువ్వుగింజలంత పరికరాలు వరసగా ఉన్నాయి. పైకి కనపడవు, వేలితో తడిమితే తగులుతాయి. మా పరిశోధన కేంద్రంలో వాటికి పెద్ద పేరే ఉంది గానీ పేటలో అందరూ దండ అంటారు. ఆమె భర్త ఎల్లాజీకీ అలాంటి దండే ఉంది. ఇద్దరికీ ఎడమ భుజం ఎముక కింద ఇంకాస్త పెద్ద గింజ ఒకటి. అది ఒంటి వేడి మీద బతుకుతూ, 'నేనిక్కడున్నాను' అని ఆకాశంలోని ఉపగ్రహాలకు చెబుతూ ఉంటుంది. ఉపగ్రహం ఆ కబురు రెండోవాళ్ళకు చేరవేస్తుంది. మనిషి ఏ వైపుంటే దండ ఆ వైపున వెచ్చబడుతుంది. సముద్రం మీద ఉన్నవాడికి ఇల్లు తెలుస్తుంది, ఇంట్లో ఉన్నామెకు మనిషి తెలుస్తాడు. నొక్కడానికి మీట లేదు.

మీట ఎందుకు లేదంటే, అంతకుముందు మీట ఉన్నవి ఇచ్చి చూశారు. నారింజ రంగులో అరచేతిలో పట్టే శాటిలైట్ పెట్టెలు, తెప్పకొకటి. సెల్‌ఫోన్ పనిచేయని చోటినుంచి కూడా కబురు పంపొచ్చు, దారి చూపిస్తుంది, ప్రమాదం వస్తే ఎర్రమీట నొక్కితే చాలు. పేటలో దానికి కమలాపండు అని పేరు పడింది. కొత్తలో తాతారావు అనే ఆయన ఇంజిను ఆగిపోయిందని ఎర్రమీట నొక్కాడు. హెలికాప్టర్ వచ్చేసరికి ఇంజిను దానంతటదే అందుకుంది. ఆ తరవాత ఆయన పెళ్ళికి వెళ్ళినా, "హెలికాప్టర్ మావ దిగాడు, కుర్చీ ఎయ్యండ్రా" అనేవాళ్ళు. ఇక ఎవరూ ఆ మీట జోలికి పోలేదు. ఎల్లాజీ కమలాపండు వాళ్ళింటి దేవుడి గూట్లో, పసుపు కుంకుమల మధ్య ఉంది. అక్కడ పెట్టింది వాళ్ళమ్మ పోలమ్మ.

"అది తెప్పమీద ఉండాలి మామ్మా," అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"సంద్రంలో తడిసిపోదేటి? ఇక్కడైతే పదిలంగుంటాది. రోజూ దీపమెట్టి, మావోడ్ని సూసుకోమని సెబుతున్నాను. ఇంకేటి కావాలి దానికి?"

"సార్జింగు కావాలత్తా," అంది బంగారమ్మ.

"అదీ ఎడతన్నాను గదే శనివారం శనివారం!"

ఆ ఇంటికి నేను మొదటిరోజు వెళ్ళినప్పుడే పెద్ద తప్పు చేశాను. ఎల్లాజీ వల భుజాన వేసుకుని గుమ్మం దాటుతున్నాడు. మాది కొండల వైపు ఊరు, సముద్రం మర్యాదలు నాకేం తెలుసు? నవ్వుతూ, "ఎక్కడికన్నా?" అని అడిగాను. అతను ఆగాడు. వెనక్కి వచ్చి వల దించేశాడు. ఆ రోజంతా మంచం మీద పడుకున్నాడు. సంద్రం మీదికి వెళ్ళేవాడు వెళ్తున్నానని చెప్పడు. ఇంట్లోవాళ్ళు అడగరు, వెనకనుంచి పిలవరు, గుమ్మం దాకా రారు. ఏదో పనిలో పడి వీపు తిప్పుకుంటారు. చెప్పి వెళ్తే సముద్రానికి కూడా చెప్పినట్టవుతుందట. "ఒక రోజు పని పోగొట్టినావే గుంటా," అంది పోలమ్మ, కోపం లేకుండానే. "నీకు కూడు మాత్రం పెడతాన్లే, కూకో."

పోలమ్మ వంట చేస్తుంటే చూడటం నాకు ఇబ్బందిగా ఉండేది. పొయ్యి దగ్గర ఆమె పొగంతా ముఖానికి కొట్టే వైపునే కూర్చుంటుంది. పీట రెండోవైపుకు వేసినా లాక్కుని ఇటే వేసుకుంటుంది. కళ్ళు తుడుచుకుంటూ వండుతుంది.

"మా అత్తకి పొగ తాగందే కూర ఉడకదు," అనేది బంగారమ్మ.

"నీ కూరకి పొగెట్టినా రుచి రాదు గానీ, ఆ ఉప్పందుకో."

పోలమ్మ చేతులకు మట్టిగాజులు, నుదుట రూపాయంత బొట్టు. ఆమె భర్త దానయ్య, ఎల్లాజీ నడక నేర్చే రోజుల్లో సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. తెప్పా దొరకలేదు, మనిషీ దొరకలేదు. కర్మ చెయ్యమని పేటలో పెద్దలంతా చెప్పారట. పోలమ్మ చెయ్యనివ్వలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఉన్నాడు గదా," అనేదట. కొన్నేళ్ళకు అడగడం మానేశారు.

రోజూ ఒక సమయానికి బంగారమ్మ మెడ చల్లబడేది. తెరమీద ఎల్లాజీ చుక్క ఆరిపోయేది. మొదటిసారి నేను హడలిపోయాను. బంగారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏటీ కానేదు. రాయి మీదున్నాడు."

సముద్రం అడుగున ఒక పెద్ద రాయి ఉంది. దాని చుట్టూ కోనాం చేప మేస్తుంది. దానయ్య కనిపెట్టిన చోటు అది. పోయేముందు ఎవరికీ చెప్పలేదు. ఎల్లాజీ పెద్దయ్యాక ఎన్నో ఏళ్ళు వెతికి పట్టుకున్నాడు. అతనూ ఎవరికీ చెప్పలేదు, పెళ్ళానికి కూడా. దండ పెట్టించుకున్నాక పేటలో మగవాళ్ళు ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి, "నీ తెరలో ఎల్లాజీ ఎక్కడికెల్తన్నాడో ఓసారి సూపించమ్మా," అనడం మొదలుపెట్టారు. అది తెలిసి ఎల్లాజీ ఒక ఉపాయం చేశాడు. వలకు కట్టే సీసం గుళ్ళను సుత్తితో సాగగొట్టి రేకు చేశాడు. రాయికి ఇంకా చాలా దూరం ఉండగానే దాన్ని భుజం ఎముక మీద పెట్టి, తడిగుడ్డతో బిగించి కట్టేసేవాడు. గింజ మాట బయటికి పోదు. బయటి మాట దానికి అందదు.

ఈ సంగతి సుభాషిణి మేడమ్‌కు చెప్పాను. దండను తయారుచేసింది ఆవిడే. విశాఖలో, కిటికీ తెరిస్తే సముద్రం కనిపించే గదిలో పనిచేస్తారు. మేడమ్ నవ్వారు.

"మనిషికి ఒక్క చోటైనా దాచుకోవడానికి ఉండాలి గౌరీ. ఉంచుకోనియ్. మధ్యాహ్నానికి చుక్క తిరిగి వస్తోంది కదా."

"కానీ చుక్క రాకపోతే ఏం చెయ్యాలో గుర్తుంది కదా?" అన్నారు.

గుర్తుంది. అంతకుముందు వేరే ఊళ్ళో ఒక జంటకు దండలు పెట్టారు. అతను సముద్రంలో చనిపోయాడు. ఒళ్ళు చల్లబడి గింజ ఆగిపోయింది. ఎక్కువసేపు కబురు రాకపోతే ఒడ్డున ఉన్నవాళ్ళ దండ తన జోడీని వెతకడం మొదలుపెడుతుంది. అలాగే తయారుచేశారు. ఆ వితంతువు మెడచుట్టూ గింజలు ఒకదాని తరవాత ఒకటి వెచ్చబడుతూ చల్లబడుతూ గిర్రున తిరిగాయి. ఆమె కూడా తిరిగింది. పడిపోయేదాకా తిరిగింది, లేచి మళ్ళీ తిరిగింది. కేంద్రంవాళ్ళు ఆ ఊరు చేరి దండను ఆపేసరికి ఆమె మాట పోయింది. అప్పటినుంచి ఒక నియమం పెట్టారు. ఒకరి గింజ ఆగిపోయిందని తేలితే, రెండోవాళ్ళ దండను వెంటనే నిద్రపుచ్చాలి. దానికి ఒక చిన్న పరికరం నా సంచీలో ఎప్పుడూ ఉంటుంది.

*

ఆ గాలి చెప్పి రాలేదు. ఉదయం ఆకాశం తేటగా ఉంది. ఎల్లాజీ ఎప్పటిలాగే మాటలేకుండా వెళ్ళాడు, కాసేపటికి చుక్క ఆరిపోయింది, బంగారమ్మ నవ్వుకుంది. మధ్యాహ్నం కాకముందే దక్షిణాన నల్లటి గోడ లేచింది. తెప్పలన్నీ ఒడ్డుకు పరుగెత్తాయి. పోలమ్మ వంటింటి కప్పు ఎగిరి సరుగుడు తోటలో పడింది. ఎల్లాజీ రాలేదు.

గస్తీ ఓడ వెళ్ళి చివరి చుక్క కనబడిన చోటంతా గాలించింది. ఆ చోటికీ రాయికీ సంబంధం లేదని నాకు తెలుసు, మేడమ్‌కూ తెలుసు. సీసం కట్టాక అతను ఎటు తిరిగాడో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున మేడమ్ ఫోన్ చేశారు. "గాలి మొదలవగానే ఆ రేకు విప్పేసి ఉండేవాడు గౌరీ. అంత పెద్ద అలల్లో ఎవడు దాచుకుంటాడు? విప్పలేదంటే విప్పే స్థితిలో లేడు. దండ వెతకడం మొదలుపెట్టేలోపు నిద్రపుచ్చెయ్."

నేను వెళ్ళేసరికి పోలమ్మ, కప్పులేని వంటింట్లో కాకుండా, పెరట్లో మూడు రాళ్ళు పెట్టి గంజి కాస్తోంది. బంగారమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నా చేతిలోని పరికరాన్ని చూసి మెడను రెండు చేతులతో కప్పేసుకుంది.

"వద్దు సెల్లీ. రాయి మీదుంటాడు. రేకు తీస్తే నాకు తెలవొద్దా? నువ్వు దీన్ని సంపేస్తే ఎలాగ తెలుస్తాది?"

ఆమెను బతిమాలుతుండగానే దండ వెతకడం మొదలుపెట్టింది.

బంగారమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎడమకు తిరిగింది, వెనక్కి తిరిగింది, కుడికి తిరిగింది. ముఖంలో ఒక్క క్షణం ఆశ కనిపించడం, అది ఆరిపోవడం, మళ్ళీ కనిపించడం. "ఇక్కడ... నేదు, ఇక్కడ... మావా, ఇక్కడ..." పాదాల కింద ఇసక గుండ్రంగా గుంట పడుతోంది. పోలమ్మ గంజిగరిటె పడేసి వచ్చి కోడలి భుజాలు వాటేసుకుంది. ముసలామె కూడా ఆమెతోపాటు తిరిగిపోతోంది.

"ఎట్టీవే గుంటా! దాన్ని పడుకోబెట్టీ!" అని నా మీద అరిచింది.

"అత్తా వద్దు, తెలవదత్తా, ఇంక తెలవదు..."

"తెలుస్తాది," అంది పోలమ్మ. "అది నేకపోయినా తెలుస్తాది."

పరికరాన్ని బంగారమ్మ మెడకు ఆనించాను. దండ నిద్రపోయింది. ఆమె ఇసకలో కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. పోలమ్మ గిన్నెలో గంజి పోసి చేతికిచ్చింది. నేను సంచీ సర్దుకుని, అలవాటుగా ఆమె భుజాల వైపు చూశాను.

తిరుగుతున్నాయి.

వెతికినట్టు గిర్రున కాదు. నెత్తళ్ళు ఎండబెట్టేటప్పటిలా. కనిపించీ కనిపించకుండా కుడివైపుకు జరిగి ఆగాయి. గంజి తాగుతోంది, అటే చూస్తూ. నా చేతిలోని తెర నల్లగా ఉంది. దండ చచ్చినట్టే ఉంది.

"అప్పా, ఒక్కసారి లేస్తావా?"

కొంగుతో ఆమె కళ్ళు కట్టాను. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చాలాసార్లు తిప్పి వదిలేశాను. ఆమె తడబడి, నిలదొక్కుకుని, మెల్లగా తిరిగి ఆగింది. అదే దిక్కు. మళ్ళీ తిప్పాను. అదే దిక్కు. ఫోన్‌లోని దిక్సూచిని ఆమె గుండెకు ఎదురుగా పెట్టి చూశాను. ముల్లు జరగలేదు.

"ఎచ్చగుందా?"

"నేదు. ఏటీ నేదు. గానీ..." ఆమె కొంగు విప్పుకుంది. తన చేతులను తనే కొత్తగా చూసుకుంది. "ఇటు తిరిగితే ఊపిరాడతంది."

దిక్కు తెలిస్తే చాలదు, దూరం కావాలి. సముద్రంలో చోటును గుర్తుపెట్టుకోవడానికి పేటవాళ్ళు చేసే పనే నాకు తోచింది. వాళ్ళు ఒడ్డునున్న రెండు గుర్తులను చూస్తారు. లైట్‌హౌసు ఒక కొండ సూటిలోకి, గుడి గోపురం ఇంకో కొండ సూటిలోకి వచ్చిన చోట, రెండు గీతలూ కలిసిన చోట వల వేస్తారు. మేము దాన్ని తిరగేశాం. బంగారమ్మను ఆటోలో ఎక్కించి తీరం వెంట కొండపాలెం దాకా తీసుకెళ్ళి, మళ్ళీ కళ్ళు కట్టి నిలబెట్టాను. ఈసారి ఆమె ఇంకా ఉత్తరానికి తిరిగి ఆగింది. పటం మీద రెండు గీతలు గీశాను. కలిశాయి.

మేడమ్‌కు ఫోన్‌లో చెప్పాను.

"దండ నిద్రలోనే ఉందా?"

"అవును మేడమ్."

"సరే. ఇది ఎలా అని నన్ను అడిగితే చెప్పలేను. గస్తీవాళ్ళకు చోటు మాత్రం చెబుతాను."

గస్తీ ఓడ చాలా దూరంలో ఉంది. పేటలో తెప్పలు దగ్గర. కానీ చోటు చెబితే ఆ చుట్టుపక్కలే ఉన్న రాయి సంగతి అందరికీ తెలిసిపోతుంది. పోలమ్మ వైపు చూశాను. ఆ రాయి ఆమె మొగుడిది.

"రాయి ఎక్కడికి పోతాది," అంది పోలమ్మ. "మనిషిని తెండి."

ముందుగా లేచింది తాతారావు. అలలింకా తగ్గలేదని నలుగురు సందేహిస్తుంటే ఆయన తెప్పను నీళ్ళలోకి తోసేశాడు. పేట మొత్తంలో కమలాపండును తెప్పమీద కట్టుకుని తిరిగేది ఆయనొక్కడే. నేను చెప్పిన చోటును అందులోకి ఎక్కించుకున్నాడు. "ఇదేటో మళ్ళీ నా నెత్తి మీదకే వొచ్చింది," అని గొణిగి, ఆపైన నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. అందరం వీపులు తిప్పుకున్నాం.

సాయంత్రం ఎండ పసుపుబారుతుండగా నా ఫోన్ మోగింది. ఉపగ్రహం మీదుగా వచ్చిన కబురు. తాతారావుకు చదువు తక్కువ. అక్షరాలు ఒకదానిలో ఒకటి పడిపోయి ఉన్నాయి. 'దొరికేడు. ఉన్నాడు. తెప్ప పోయింది. పీప పటుకున్నాడు. ఎర్ర మీట నొకేను. ఎలికాప్టర్ వస్తే నవ్వకండి.'

బంగారమ్మకు చదివి వినిపించాను. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఇసకలో పడి దొర్లింది.

*

ఎల్లాజీ ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక మేడమ్ అతని మంచం దగ్గర కూర్చున్నారు. సీసం రేకు అతని భుజం మీద అలాగే ఉండగా తెచ్చారట. తడిసిన ముడి ఉబ్బిపోయి రాలేదు, చేతులు మొద్దుబారాయి. కత్తితో కోసి తీయాల్సివచ్చింది. అంటే ఆ రాత్రంతా గింజ ఒక్క కబురూ పంపలేదు, అందుకోలేదు.

"ఇల్లు ఎటుందో ఎలాగ తెలిసింది ఎల్లాజీ? తాతారావు గారు చెప్పారు, నువ్వు ఒడ్డు వైపే కాళ్ళాడిస్తున్నావని."

అతను ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. "దండ సెప్పింది గదా మేడమ్."

ఆ మధ్యాహ్నం కేంద్రంలో తన గదిలో గుండ్రంగా తిరిగే కుర్చీ ఎక్కి, చున్నీతో కళ్ళు కట్టుకుని, నన్ను తిప్పమన్నారు. తిప్పాను. కుర్చీ ఆగింది.

"ఎటు ఆగాను?"

"క్యాంటీన్ వైపు మేడమ్."

పెద్దగా నవ్వారు. మళ్ళీ తిప్పమన్నారు. మళ్ళీ. ఏ రెండుసార్లూ ఒక వైపు ఆగలేదు. ఆవిడ భర్త ఎక్కడో వేరే నగరంలో ఉంటారని విన్నాను. కళ్ళకు కట్టిన చున్నీ విప్పకుండానే, "మేం దిక్కు తెలియనివాళ్ళకు దిక్కు చూపిద్దామనుకున్నాం గౌరీ," అన్నారు. "ఉన్నదాన్ని నిద్రలేపినట్టున్నాం. లేనివాళ్ళ సంగతేమిటి?"

ఆ ప్రశ్న పేటకు ముందే చేరింది. బంగారమ్మ దండను తీసేశారు, అయినా ఆమె తిరుగుతోంది. ఆ మాట తీరం పొడవునా పాకింది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు ఫొటోలు పట్టుకుని వచ్చారు. "మావోడు ఎటున్నాడో సెప్పమ్మా." బంగారమ్మ ప్రతి ఫొటోనూ గుండెకు ఆనించుకుని నిలబడి చూసింది. ఏమీ తెలియలేదు. "నీ మనిషి నీకే తెలవాలమ్మా," అని కాళ్ళు పట్టుకున్నంత పనిచేసింది. అప్పుడు వాళ్ళే ఒడ్డున వరసగా నిలబడి కళ్ళు మూసుకున్నారు. కొందరు తిరిగి, ఒకచోట ఆగి, ఆ వైపుకు దణ్ణం పెట్టుకున్నారు. కొందరు ఎక్కడా ఆగలేదు. అలా ఆగనివాళ్ళలో కొత్త పెళ్ళికూతురు ఒకతె ఉంది. ఆమె భర్త ఆమె పక్కనే, సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ వచ్చినప్పటిలా తిరిగి వెళ్ళలేదు. ముందు అతను, చాలా వెనకగా ఆమె.

రాయి దగ్గర ఇప్పుడు రోజూ తెప్పలు గుమిగూడతాయి. ఎల్లాజీ కోలుకుని సముద్రం మీదికి వెళ్తున్నాడు గానీ, కోనాం చేప దొరకడం లేదని చిరాకు. "బతికించినారు, బతుకు పట్టుకుపోయినారు," అని తాతారావుతో వేళాకోళం ఆడతాడు. తాతారావును ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు.

ఇవన్నీ జరుగుతుండగా నేను పోలమ్మను చూస్తున్నాను.

వంటిల్లు మళ్ళీ కప్పారు. పొయ్యిని ఈసారి రెండో గోడ పక్కన కట్టారు. ఇక ఆమెకు పొగ తప్పిందనుకున్నాను. పోలమ్మ పీట లాక్కుని పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. చెయ్యి వెనక్కి పెట్టి కూర కలుపుతోంది. అప్పుడు నాకు వెలిగింది. ఆమె ఇన్నాళ్ళూ పొగ వైపు కూర్చోలేదు. ఒక దిక్కుకు కూర్చుంది. పొగ ఆ దారిలో ఉందంతే.

కేంద్రానికి చెప్పలేదు. నాలోనే ఉంచుకుని, వచ్చినప్పుడల్లా ఫోన్ దిక్సూచితో ఆమె కూర్చున్న వైపును చూసుకునేదాన్ని. ఆగ్నేయం. రాయి ఉన్న చోటు కాదు. అంతా సముద్రమే. కొన్ని వారాలకు ఇంకో సంగతి గమనించాను. పీట వేసుకునే దిక్కు మెల్లగా ఉత్తరానికి జరుగుతోంది.

ఆమె మెడలో దండ ఎప్పుడూ లేదు. ఉపగ్రహాలు ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఎల్లాజీ నడక నేర్చిన నాటినుంచి, ఎవరికీ చెప్పకుండా, అన్నం వండుతూ, చేపలు ఎండబెడుతూ, ఆమె ఒక మనిషికి ఎదురుగా కూర్చుంటోంది. బడిలో మేడమీద నిలబడి మొదటిసారి దూరదర్శినిలో చంద్రుణ్ణి చూసినప్పుడు కంటిని అద్దం మీంచి తీయలేకపోయాను. ఆ పొయ్యి దగ్గర కూడా అలాగే చూస్తూ ఉండిపోయాను.

"అటు పక్క ఏముంది మామ్మా?"

"నీళ్ళు."

"నీళ్ళలోనా?"

పోలమ్మ వెనక్కి చెయ్యి చాపి కూరలో ఉప్పు వేసింది. "అదీ తెలవదు గుంటా. ఉన్నాడో, ఒట్టి ఎముకలున్నాయో, అది సెప్పదు ఇది. ఎటో సెబుతాది, అంతే." గరిటె తిప్పుతూ, "ఇన్నాళ్ళూ శానా దూరం. ఆలోసన కూడా ఎళ్ళలేనంత దూరం. ఈ ఏడు దగ్గిరకొస్తన్నాడు," అంది.



పరిశోధన ఆపేస్తున్నారని తెలిశాక ఆఖరిసారి గవ్వలపేట వెళ్ళాను. మిగిలిన కమలాపండ్లను వెనక్కి తెమ్మన్నారు. పొద్దున్నే ఇంటికి చేరాను. బంగారమ్మ గుమ్మం పక్కన చేట పట్టుకుని నూకలు చెరుగుతోంది. ఎల్లాజీ ఇంట్లో లేడు. దూరంగా ఒడ్డున అతని కొత్త తెప్ప, ఇంజిను దించి, సిద్ధంగా ఉంది. అతను పక్కన నిలబడి ఇంటి వైపు చూడటం లేదు.

పోలమ్మ పొయ్యి ఆర్పింది. చెంబుతో నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కుంది. చెదిరిన బొట్టు సరిచేసుకుంది. దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టి, కమలాపండును చేతిలోకి తీసుకుని, పసుపు తుడిచింది. మీట ఒకసారి నొక్కి చూసుకుంది. పచ్చదీపం వెలిగింది. దాన్ని కొంగులో ముడివేసి, ఆ ముడిని రొంటిన దోపుకుంది.

నా నోరు తెరుచుకుంది. ఆ ముసలామె జన్మలో తెప్ప ఎక్కలేదు. ఎక్కడికి మామ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

బంగారమ్మ చేట ఆపకుండానే గుమ్మానికి వీపు తిప్పింది. నేను కూడా తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. మట్టిగాజుల చప్పుడు నా వెనకనుంచి సాగి, గడప దాటి, ఇసకలోకి దిగింది.